పెన్సిల్లో మిగిలిన డ్రాగన్

సింగపూర్‌లోని యూ టీలో మా పక్క ఫ్లాట్ అంకుల్ మలేషియాలో పుట్టిన తెలుగాయన. తువాస్ షిప్‌యార్డులో ఓడల మీద పేర్లు రాసే పెయింటరుగా పనిచేశారు. మరమ్మతుకొచ్చిన ప్రతి ఓడలోనూ నావికుల్ని ఒకటే అడిగేవారట: "మీ భాషలో డ్రాగన్‌ని ఏమంటారు?" విన్నమాటను నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో పెన్సిల్‌తో రాసుకునేవారు. ఇంకొకరు కూడా అదే చెబితేనే దానిమీద పెన్నుతో దిద్దేవారు.

రిటైరయ్యేనాటికి ఒక్కటి మాత్రం పెన్సిల్లోనే ఉండిపోయింది. ఫారో దీవుల నావికుడొకడు "డ్రెకి" అని చెప్పి, ఐస్‌లాండ్‌లోనూ అదే అంటారన్నాడట. మా ల్యాబులో ఐస్‌లాండ్ అమ్మాయి ఉందని నేనే చెప్పాను.

"అడిగి చెప్పు తంబీ. తొందరేం లేదులే," అన్నారు.

లిఫ్టు దగ్గర కనబడ్డప్పుడల్లా "వచ్చే వారం అంకుల్" అనేవాణ్ణి. అలా ఎనిమిది నెలలు గడిపాను. ఆ అమ్మాయి కూర్చునేది నా వెనక కుర్చీలోనే.

అంకుల్ హఠాత్తుగా పోయిన మూడోరోజున అడిగాను. "డ్రెకి," అంది స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే. అర నిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం వెళ్లి ఆంటీకి చెప్పాను. ఆవిడ నోటుబుక్కూ, ఒక పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది.

"కిందికి దిగేటప్పుడల్లా ఈ పెన్ను జేబులో పెట్టుకునేవారు తంబీ. లిఫ్టు దగ్గర నువ్వు కనబడితే చెప్తావని."