మామయ్య దాగలి మీది ఉప్పు గీత

కొన్నేళ్ళుగా నా మీద ఒక బరువు ఉంది. ఎక్కడా దించుకోలేదు. మా ఆయనకి చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పి, మిగతాది ఆయనకి తెలిసే ఉంటుందిలే అని లేచి వచ్చేశాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరు ఈ దీవిలో మా బతు బస్తీ మనిషి కారు. రేపు పొద్దున్న కొట్టు దగ్గర నాకు ఎదురుపడరు. అందుకే.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అంతవరకూ రాయడం రాదు కాబట్టి రాయలేదు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ సాకు కూడా పోయింది.

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, కమ్మరి. పడవలకి మేకులు, కొబ్బరికాయలు కొట్టే కత్తులు చేసేవాడు. ఆయనకి ఒక దాగలి ఉండేది, కాల్చిన ఇనుముని పెట్టి కొట్టే ఉక్కు దిమ్మ. భీమిలి దగ్గర మూతపడిన ఓ పాత కార్ఖానాలో కొని, గోనెసంచిలో చుట్టి, విశాఖపట్నం నుంచి ఈ దీవికి ఓడలో తెచ్చాడట. ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్నే తలగడగా పెట్టుకుని పడుకున్నాడట. ఈ కథ ఏటా ఆయుధపూజ నాడు చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఓడ కొంచెం ఎక్కువ ఊగేది. అత్తయ్య మాత్రం ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వినేది. పెళ్ళికి ఊరొచ్చి ఆయన ఆ కథే చెబితే, అంత బరువు మోసినవాడు నన్ను మొయ్యలేడా అని, ఊరూ పేరూ తెలియని దీవికి ఆయన వెంట వచ్చేసిందట.

మామయ్య పోయాక దాగలి దేవుడైపోయింది. మా ఆయన పడవల దగ్గర వెల్డింగ్ పని చేస్తాడు, దాని అవసరం లేదు, ఆ గది వైపే వచ్చేవాడు కాదు. కొలిమి గదిలో మొద్దు మీద ఉంచి, పసుపు రాసి, శుక్రవారం దీపం పెట్టేవాళ్ళం. ఇంట్లోకి చేపలు రావచ్చు. ఆ గదిలోకి మాత్రం రాకూడదు. అది అత్తయ్య పెట్టిన ఒక్కటే కట్టుబాటు.

నేను చేపలవాళ్ళ ఇంటి పిల్లని. వానాకాలంలో మా అన్నయ్య మిగిలిన చేపలు తెచ్చి పడేసేవాడు. వానల్లో ఎండబెట్టడం కుదరదు. తొట్టెలో ఉప్పూ చేపలూ వరసలు వేసి, పైన పలక పెట్టి, దాని మీద గట్టి బరువు పెట్టాలి. చేపల్లోంచి ఉప్పు ఊట దిగి పలక మీదికి ఎక్కుతుంది. రాళ్ళు పెట్టి చూశాను. గుండ్రటివి దొర్లిపోయేవి. సముద్రపు పగడపు రాళ్ళకి బరువే లేదు. బరువు సరిగ్గా ఆనకపోతే ఒక పక్క చేప పాడవుతుంది. ఇంట్లో చదునైన కాళ్ళతో, కదలకుండా, అన్ని వైపులా సమంగా నొక్కే వస్తువు ఒక్కటే ఉంది. మీకు అర్థమైపోయింది కదా.

నాట్లప్పుడు అత్తయ్య దీవుల ఉత్తరం కొసన డిగ్లీపూర్‌లో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి, కోతలయ్యాక వచ్చేది. ఆవిడ బస్సు ఎక్కగానే నేను తొట్టెని కొలిమి గదిలోకి లాగేదాన్ని. మొద్దు ఎత్తూ తొట్టె ఎత్తూ ఒకటే. దేవుణ్ణి ఎత్తక్కర్లేదు, తోస్తే చాలు. తోసేముందు దణ్ణం పెట్టుకునేదాన్ని. అది భక్తా, భయమా? ఇప్పటికీ నాకు తెలియదు. ఆవిడ వచ్చేముందు కడిగి, కొబ్బరినూనె రాసి, తుప్పు కనబడకుండా పసుపు దట్టంగా పట్టించేదాన్ని. వాసన పోవడానికి ఊపిరాడనంత సాంబ్రాణి వేసేదాన్ని. అత్తయ్య ఆ గదిలో అడుగుపెట్టి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని (సగం పొగకే అనుకుంటాను), వీధిలో అందరికీ చెప్పేది. నా కోడలు చేపలోళ్ళ పిల్లే గానీ దాని భక్తి చూడండి, నేను లేకపోయినా ధూపం మానదు అని.

ఏటా ఇలాగే జరిగింది. చేపలు మాత్రం బాగా కుదిరేవి.

ఒక ఏడాది కలకత్తా నుంచి పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చాడు. ఓడ దీపాలు, గంటలు, దాగళ్ళు కొని పెద్ద హోటళ్ళకి అమ్ముతాడట. బజార్లో ఎవరో మా ఇల్లు చూపించారు. భయ్యా, చూసుకో గానీ అమ్మేది లేదు అంది అత్తయ్య. అయినా కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆయన చిన్న ఉక్కు గుండుని పైనుంచి దాగలి మీదకి వదిలాడు. అది ఎగిరి దాదాపు ఆయన చేతిలోకే వచ్చింది. ముఖం మంచి ఉక్కు అన్నాడు. సుత్తితో మీటితే గంటలా మోగింది. పక్కన సుద్ద రుద్దితే మూడు అంకెలు తేలాయి, అవి ఇంగ్లీషువాళ్ళ పాత తూకం అట. నడుం దగ్గర నలుచదరం బెజ్జం చూపించి, కొలిమిలో పెట్టి చేత్తో కొట్టి చేసినప్పుడు పట్టుకోవడానికి పెట్టింది, పోతపోసిన దాగలికి ఇది ఉండదు, దీనికి నూరేళ్ళు ఎప్పుడో దాటాయి అన్నాడు. అత్తయ్య ఆ పొగడ్తలన్నీ తనకే అన్నట్టు తల ఊపుతోంది.

అప్పుడాయన బ్రష్ తీసి కాళ్ళ దగ్గర పసుపు గీకాడు.

కింది సగం చెదపురుగు తిన్న కర్రలా ఉంది. పై సగం నున్నగా ఉంది. మధ్యలో దారం పట్టి గీసినట్టు ఒక గీత. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇది ఏ కార్ఖానాలోదీ కాదు అమ్మాజీ, మునిగిపోయిన ఓడలోది, ఏళ్ళ తరబడి ఇసుకలో కూరుకుని ఉప్పునీళ్ళలో ఉంది, ఎవరో ఇక్కడే సముద్రంలోంచి తీశారు అన్నాడు. కార్ఖానా దాగలికి ఒక ధర, ఓడ దాగలికి ఇంకో ధర, జనం కథకే డబ్బిస్తారు అన్నాడు.

ఆ గీత నా తొట్టెలో ఊట నిలిచిన ఎత్తు.

ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. అత్తయ్య ఆ గీత వెంట వేలు నడిపింది.

"ఏటే పిల్లా, మీ మావ నాకు అబద్దం సెప్పినాడా?"

"ఆయనెందుకు సెప్తాడత్తా."

"మరి ఇనుము సెప్తాదా?"

"ఏమో అత్తా."

నా తప్పు తొట్టె కాదు. ఈ ‘ఏమో’. చేపలు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? తిడుతుందనా? ఆవిడ తిట్టే మనిషి కాదు. చేపలోళ్ళ పిల్లే గానీ అని మొదలుపెట్టి వీధంతా నాకు కట్టిన ఆ కిరీటం అత్తయ్య చేతుల్తోనే ఊడిపోతుందని, అది ఊడితే ఆ ఇంట్లో నేను మళ్ళీ వట్టి చేపలోళ్ళ పిల్లనే అయిపోతానని భయపడ్డాను. నా కిరీటం కోసం మామయ్య మాట పోగొట్టాను.

అత్తయ్య ఆ రోజే దాగలిని ఆ కలకత్తా ఆయనకి ఇచ్చేసింది. మోసినోడు లేనప్పుడు మోసిందెందుకు అంది. మా ఆయన నోరు తెరిచేలోపే అది ఆటో ఎక్కింది. ఇప్పుడు ఏదో హోటల్ గుమ్మంలో ఉందట. ఓడ మునిగిన కథ చెప్తారట.

ఆ తర్వాత శిక్ష ఫోటోకి పడింది. రోజూ మామయ్య ఫోటో ముందు మొదటి టీ పెట్టేది అత్తయ్య. ఇప్పుడు చక్కెర లేకుండా పెట్టడం మొదలుపెట్టింది. ఓడెక్కితే కక్కుకునే మనిషి దాగలి మోసుకొచ్చాడట అని గొణుక్కునేది. చూడలేక, ఒకరోజు ఆవిడ అటు తిరగ్గానే ఆ గ్లాసులో చక్కెర వేసి కలిపాను. కాసేపటికి ఆ టీ ఆవిడే తాగుతుందని మర్చిపోయాను. ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, ఫోటోని చూసింది. చచ్చాక కూడా మోసం మానలేదు సూడు అంది. తర్వాత నేను ఇంకేమీ బాగుచెయ్యాలని చూడలేదు.

అత్తయ్య పోయిన ఏడు పోయింది. పైకెళ్ళాక ముందు దాగలి సంగతే అడుగుతానంది. అడిగే ఉంటుంది. మామయ్య ఒట్లు పెడుతూ ఉంటాడు. ఆవిడ గీత సంగతి తీస్తుంది. ఆ గీత ఎక్కడిదో ఆయనకి మాత్రం ఏం తెలుసు? నేను తొట్టె పెట్టింది ఆయన పోయాకే కదా. ఆ తగువు తీర్చగల మనిషిని నేనొక్కదాన్నే. నేనేమో ఇక్కడ బీపీ మాత్రలు వేళకి మింగుతూ, వెళ్ళకుండా కూర్చున్నాను.

అత్తా, మావ అబద్దం సెప్పలేదు. దాన్ని ఓడలోనే తెచ్చాడు. తిన్నది సముద్రం కాదు, నా ఉప్పుచేపలు.

ఇదిగో, రాసేశాను. క్షమించమని రాయలేదు. అడగడానికి మొహం లేదు. రాయడం అలవాటులేని చెయ్యి, వేళ్ళు లాగేస్తున్నాయి. కానీ ఆకలేస్తోంది. ఇలా ఆకలేసి చాలా కాలమైంది.