గున్నమ్మ ఎదచల్లిన మడి

నాగబాబు చెన్నైలో తాపీపనికి వెళ్లి, హెచ్ఐవీ తెచ్చుకుని, 2012లో పోయాడు. చీపురుపల్లి దగ్గర పల్లెలో అతని వాటా డెబ్భై సెంట్ల మడి మిగిలింది. భార్య గున్నమ్మకూ ఆ జబ్బు ఉందని తేలింది. నెలనెలా శ్రీకాకుళం బస్సెక్కి మందులు తెచ్చుకునేది, వేళకు మింగేది, పనిచేసుకునేది.

అత్త మరిడమ్మ ఆమెకు కంచం వేరుచేసింది. మడి దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరం ఒకటే అంది.

"ఇయ్యాలో రేపో పోయేదానివి. కాయితంలో నీ పేరేటికే?"

"పోయినరోజు సూద్దాం అత్తా. అందాకా నానూ తినాల గదా."

గున్నమ్మ భూమి తన పేరుకు మార్చమని తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టింది. పొలానికొచ్చి, సాగు ఎవరిదో చూసి రాస్తామన్నారు. ఇక ఆ ఏడు మడి బీడుపడకూడదు, బావ ఎల్లాజీ చేతిలోకీ పోకూడదు.

నారు పొయ్యక ముందే, దాన్ని పీకి మడిలో నాటే వరి ఉడుపులకు ఆడవాళ్లను అడిగింది. "నీతోటి ఆ బురదనీల్లల్లో దిగమంతావేటే?" అంది పక్కింటి లక్ష్మణమ్మ. మిగతావాళ్లూ అదే మాట. ఉడుపులు ఒక్కతివల్ల అయ్యే పని కాదు. అందుకని గున్నమ్మ తొలకరికి ట్రాక్టరుతో దున్నించి, విత్తనాలు ఒడిలో పోసుకుని, పొడిదుక్కిలోనే ఎదచల్లేసింది.

ఆమె దిగే నీళ్లంటే భయంతో ఎల్లాజీ ఆ గట్టే తొక్కలేదు.

భాద్రపదంలో వీఆర్వో హరిబాబు వచ్చాడు. ఎల్లాజీ దారిలోనే ఎదురెళ్లాడు.

"సాగు నాదే బాబూ. దానికి ఓపికేదీ? పదిమంది ఆడోల్లనెట్టి నానే ఉడిపించినాను."

హరిబాబు గట్టుమీద నిలబడి చూశాడు. నారు గుప్పున నాటిన కుదురన్నది ఎక్కడా లేదు. చేతిలోంచి పడ్డది పడ్డట్టే, ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా ఉంది పైరు.

"ఇది ఉడిసిన మడేటయ్యా? ఎదచల్లింది గదా! నువ్వసలు రైతువేనా?"

ఎల్లాజీ ఆ ఏడు మడిని చూడడం అప్పుడే.

"ఇలగొచ్చి సూడు బావా. గట్టు తొక్కితే జబ్బు అంటుకోదులే," అంది గున్నమ్మ.

కలుపు తీస్తున్న లక్ష్మణమ్మ పక్క చేలోంచి ఫక్కున నవ్వింది. "అదే సల్లింది బాబూ, నాను సూసినాను," అని వచ్చి వేలిముద్ర కూడా వేసింది.

"నీ భర్త పేరు సెప్పమ్మా," అన్నాడు హరిబాబు.

మొగుడు బతికుండగా గున్నమ్మ ఒక్కనాడూ ఆ పేరు పైకి అనలేదు. లక్ష్మణమ్మ చెప్పబోతే వారించింది. రెండోసారి అడిగాక, తలొంచుకుని తానే చెప్పింది.

"నాగబాబు."

హరిబాబు రాసుకున్నాడు. మరుసటేడు పాసుపుస్తకం గున్నమ్మ పేరున వచ్చింది.