విల్మా పుస్తకంలో నూటొకటి

బెల్‌ఫోర్డ్‌లో బాస్కెట్‌బాల్ అంటే ఎవరికి పిచ్చి లేదు గనుక! ఆట ఉన్న ఆదివారం చర్చిలో ప్రార్థన పావుగంట ఎక్కువైతే పాస్టరు మీదే విసుక్కునే ఊరు అది. అలాంటి ఊళ్ళో, విల్మా హాస్టెట్లర్ ఆట మొత్తం తల దించుకుని కూర్చునేది. అందులోనే ఆమెకు ఆనందం.

పగలు టమాటా డబ్బాల ఫ్యాక్టరీ ఆఫీసులో పని. ఆట ఉన్న రోజున మాత్రం మైదానం పక్క బల్ల దగ్గర, ఊరి జట్టు మిల్లర్స్ స్కోరు పుస్తకం ముందు ఆవిడే రాణి. పాత స్కోరరుకు చూపు మందగించాక ఆ కుర్చీ ఆమెకు వచ్చింది. "ఆడమనిషికి స్కోరు పుస్తకమా!" అని ఊళ్ళో సగంమంది మూతి తిప్పారు. విల్మా పట్టించుకోలేదు. బంతి బుట్టలో పడితే ఆటగాడి పేరు ఎదురుగా రెండు, ఒక్క పాయింటు వచ్చే ఫ్రీత్రో అయితే నింపిన సున్నా. బంతిని చూడాలి, పుస్తకం చూడాలి, గోడ మీది స్కోరు బోర్డు వంక మాత్రం చూడకూడదు. "బోర్డు చూసి రాసేదానికి నేనెందుకు? గుమ్మానికి కట్టిన గుర్రాన్ని కూర్చోబెట్టండి" అనేది.

ఆ బోర్డు మీటలు నొక్కేవాడు సాక్షాత్తూ ఆమె తమ్ముడు ఆర్విల్.

1958 మార్చి, ఆదివారం మధ్యాహ్నం. గ్రేసన్ రైడర్స్‌తో సెమీఫైనల్ ఆట. గెలిస్తే బెల్‌ఫోర్డ్ మొదటిసారి ఫైనల్‌కు వెళుతుంది. అబ్బబ్బ, ఏం ఆట అది! మన జట్టు కుర్రాడు లోనీ టీగ్‌కు ఆ రోజు పూనకం వచ్చింది. ఎక్కడినుంచి విసిరినా బుట్టలోకే. విల్మా పెన్సిలు రెండుసార్లు అరిగిపోయింది.

ఆమె పక్కన గ్రేసన్ స్కోరరు ఏమస్ పికరింగ్ కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ ముసలాయన, తన పుస్తకం తను రాసుకుంటాడు. ఆ బల్ల దగ్గర ఆచారం ఒకటుంది. పాయింటు పడగానే ఒకరు అంకె పైకి చెప్పాలి, రెండోవారు "రాశా" అనాలి.

ఇంకా ఆరు నిమిషాలుందనగా గ్రేసన్ పదకొండో నంబరు ఆటగాడు ఫ్రీత్రో వేశాడు. బంతి బుట్టలో పడీపడగానే కింద ఇద్దరు కలబడ్డారు. మోచేతులు, తిట్లు, బెంచీల మీదనుంచి దూకుళ్ళు! ఆర్విల్ మీటలు వదిలేసి కుర్చీ ఎక్కి చూస్తున్నాడు. ఏమస్ రెఫరీ మీద అరుస్తున్నాడు.

"పదకొండుకి ఒకటి!" అంది విల్మా.

"ఊ" అన్నాడు ఏమస్, రెఫరీ వైపే చూస్తూ.

రాశాడనుకుంది ఆమె. ఆ 'ఊ'ను నమ్మడమే పొరపాటు.

ఆట ముగిసిన బూర మోగింది. జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. లోనీని భుజాలకెత్తుకున్నారు. విల్మా కింద గీత గీసి, అప్పుడు తలెత్తి చూసింది. బోర్డు మీద బెల్‌ఫోర్డ్ 101, గ్రేసన్ 100. పుస్తకంలో రెండు వైపులా నూటొకటి.

ఆమె పెన్సిలు మళ్ళీ అందుకుంది. ఒక్కో ఆటగాడి వరుసా వేరుగా కూడింది. నూటొకటే.

ఏమస్ తన పుస్తకం మూసేశాడు. "గెలిచారమ్మాయ్. వంద దగ్గర ఆగిపోయాం మేము" అన్నాడు.

అవతలివాళ్ళకే తెలియదు! నోరు మూసుకుంటే చాలు, ఊరు ఫైనల్లో ఉంటుంది. నోరు తెరిస్తే తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు. పైగా బోర్డు తప్పంటే తమ్ముడి తప్పని అర్థం.

ఆర్విల్ వచ్చి పుస్తకం మీదికి వంగాడు. వాడి మొహం పాలిపోయింది.

"అక్కా, మూసెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎవడడిగాడిప్పుడు?"

"బంతి పడిందా లేదా, అది చెప్పరా."

వాడు తల తిప్పి బోర్డు వంక చూశాడు.

"పడింది. నా కళ్ళారా చూశాను" అని విల్మా బూర మీట నొక్కి పట్టుకుంది. అందరి చెవులూ చిల్లులు పడేదాకా వదల్లేదు.

రెఫరీ వచ్చాడు, చూశాడు, తల పట్టుకున్నాడు. ఆట ఎవరి ఊళ్ళో జరిగితే వాళ్ళ పుస్తకమే చివరి మాట. మైకులో ప్రకటన వినబడింది. స్కోరు బల్ల దగ్గర పొరపాటు జరిగిందట, ఆట సమానమట, అదనపు సమయమట!

ఇక తిట్లు చూడండి. "ఆడదానికి కుర్చీ ఇస్తే ఇంతే!" "వెళ్ళి టమాటాలు లెక్కపెట్టుకోవమ్మా!" పాప్‌కార్న్ సంచులు వచ్చి బల్ల మీద పడ్డాయి. ఆమె పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది. తమ్ముడి పేరు మాత్రం ఎత్తలేదు.

ఆర్విల్ ఉన్నట్టుండి మైకు లాక్కున్నాడు. "ఆపండెహె! పుస్తకం రైటే. మీట నొక్కాల్సినోణ్ణి నేను, కొట్లాట చూస్తా నిలబడ్డా. తిడితే నన్ను తిట్టండి!"

తిట్టారు కూడా, మొహమాటం లేకుండా.

మొదటి అదనపు సమయంలో రెండు జట్లూ పన్నెండేసి వేశాయి. రెండోసారి మొదలు! ఒకసారి వీళ్ళు పైన, ఒకసారి వాళ్ళు. జనం తిట్టడం మరిచి బెంచీల మీద నిలబడిపోయారు. లోనీ వేస్తాడు, విల్మా రాస్తుంది, ఇంకోటి వేస్తాడు. ఆఖరి మూడు సెకన్లలో గ్రేసన్‌కు 125, మనకు 124. లోనీ విసిరిన బంతి ఇనుప కడ్డీ చుట్టూ తిరిగి తిరిగి, బయటికి జారిపోయింది.

ఒక్కటంటే ఒక్క పాయింటు తేడా.

జనం ఎక్కడివాళ్ళక్కడ బెంచీల మీద కూలబడ్డారు. విల్మా అన్నీ కూడి, గీత గీసింది. లోనీ తువ్వాలు మెడలో వేసుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. వాడు తిడితే మాత్రం తట్టుకోలేననుకుంది.

"విల్మా అత్తా, నావెన్ని?"

"అరవై మూడురా. ఇరవై నాలుగు బుట్టలు, పదిహేను ఫ్రీత్రోలు. లీగులో ఇంతవరకూ ఎవరూ యాభై ఎనిమిది దాటలేదు."

"ఖాయమేనా?"

ఆమె జవాబిచ్చేలోపే ఏమస్ ఆమె పుస్తకం తనవైపు లాక్కుని, అడుగున సంతకం పెట్టేశాడు. ఒక్క అంకె కూడా చూడలేదు.

అంతదాకా బిగబట్టిన ఏడుపు విల్మాకు అప్పుడు పొంగుకొచ్చింది. "మిమ్మల్ని ఓడించేశాన్రా" అంది.

"బంతి బయటికి పోయింది నా చేతిలోంచి అత్తా, నీ చేతిలోంచి కాదు" అన్నాడు లోనీ. "నువ్వు వాళ్ళ ఒక్కటీ మింగేసి ఉంటే, నా అరవై మూడూ నమ్మేవాడెవడు?"