సాలూరు లారీల యార్డులో మావ కంటి పరీక్ష

2018 కార్తీకంలో నేను సాలూరు వెళ్లింది కొండలు చూడడానికి కాదు, మా మావకి కంటి పరీక్ష చేయించడానికి. మావ మా అమ్మకి తమ్ముడు. లారీ డ్రైవరు, ఘాట్ రోడ్డెక్కి ఒడిశా వైపు సరుకు తోలతాడు. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. ఈ మధ్య ఎదురు బళ్ల లైట్లు ముద్దముద్దగా కనిపిస్తున్నాయని అత్త దగ్గర నోరు జారాడట. "ఒసే, మీ మావ నా మాట ఇనడు. లారీల యార్డులో కళ్ల క్యాంపు పెడతన్నారు, నువ్వొచ్చి లాక్కెల్లు" అని అత్త ఫోను చేసింది. చిన్నప్పుడు నన్ను లారీ ఎక్కించి సముద్రం చూపించిన మనిషి కోసం ఒక్క రోజు సెలవు పెట్టలేనా?

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో పొద్దున్న ఆరున్నర బస్సెక్కితే గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరుకి సుమారు రెండు గంటలు. టిక్కెట్టు అరవై లోపే. రామభద్రపురంలో వంకాయల బుట్టలు ఎక్కి నా కాళ్ల దగ్గర సర్దుకున్నాయి. ఏం పని మీద వెళ్తున్నానో కండక్టరు ఆరా తీశాడు. చెప్పాక, "కంప్యూటరే సూసి సెప్పేస్తాదంట గదమ్మా! మరి డాక్టరేటి సేస్తాడు?" అన్నాడు. నేను ఏదో అనేలోపే టిక్కెట్లు కొట్టడానికి ముందుకెళ్లిపోయాడు.

యార్డులో లారీల మధ్య షామియానా వేశారు. పరీక్ష ఉచితం. కంటిపాప విచ్చుకునేలా చుక్కలు వేస్తారు, కాసేపయ్యాక కెమెరా ముందు గడ్డం ఆనిస్తే కంటి లోపలి పొరను ఫొటో తీస్తారు. కంప్యూటరు ఆ ఫొటో చూసి ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో చెబుతుంది. "ఆ లైన్లో మీరెందుకు, టీ తాగండి" అని అత్తనీ నన్నూ టీకొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, తోటి డ్రైవరు కొండయ్యని వెంటేసుకుని మావ లోపలికెళ్లాడు. గంటకి పైనే అయ్యాక చీటీ ఊపుకుంటూ వచ్చాడు. "సూసినారా! మిసనే సెప్పింది, నా కళ్లకేటీ నేదు!" అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సంతోషంలో నేను అందరికీ పెసరట్లు చెప్పాను.

అట్లు వచ్చాయి. కొండయ్య మాత్రం తువ్వాలు నుదుటి మీదికి లాక్కుని, వెలుగు చూడలేక, చట్నీ గిన్నె కోసం చేత్తో తడుముతున్నాడు. మావేమో ఎర్రటి ఎండలో కళ్లు ఇంతింత చేసుకుని నవ్వుతున్నాడు. చుక్కలు పడ్డ కళ్లు ఎవరివో అత్తకీ నాకూ ఒకేసారి అర్థమైంది.

"ఎవుల కళ్లు సూపించినావయ్యా?" అంది అత్త.

"నాకు సుగరు నేదొదినా. నా బదులు కూకోరా అన్నాడు, కూకున్నాను" అని కొండయ్య ఒప్పేసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపే మావ అట్టు పక్కకి నెట్టేశాడు. "ఆ మిసను మా ఓనరుకి సెప్పేస్తాదంటన్నారే. స్టీరింగు మీంచి దింపేస్తే మేవేటి తినాల?" ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు.

మావని పట్టుకెళ్లి క్యాంపులో ఉన్న డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు. మావ పేరు మీదున్న ఫొటో ముందు తీసేయించింది. "ఎదురుగా పెట్టిన కన్నే కంప్యూటరుకి తెలుస్తుందండీ, ఎవరి కన్నో తెలీదు. ఆ చీటీ నమ్మి మీరు ఊరుకుంటే చూపు పోయేది" అంది.

"మరి నా ఫొటో ఎవులికి ఎల్తాది?"

"మీకూ నాకూ, అంతే. మీ ఓనర్లు అడిగారు, ఇవ్వం అన్నాం. ఈ మాట మొదటే మీకు చెప్పాల్సింది. తప్పు మాదే."

ఆ మాట విని మావ తనే వెళ్లి చుక్కలు వేయించుకున్నాడు. డాక్టరు చూడాల్సిందేనని ఈసారి కంప్యూటరు చెప్పింది. డాక్టరమ్మ ఆ మాటకి తలూపి వదిలేయకుండా, లైటు పెట్టి రెండు కళ్లూ తనే చూసింది. షుగరు లోపలి పొరని దెబ్బతీస్తోందనీ, ఇప్పుడే లేజరు చేయించుకుంటే ఉన్న చూపు నిలిచే అవకాశం ఉందనీ, తను సరే అనేదాకా స్టీరింగు పట్టొద్దనీ చెప్పింది.

బయటికొచ్చాక ఎండకి మావ కళ్లు తెరవలేకపోయాడు. అత్త చెయ్యి పట్టుకుంది. ఎంత ఇరుకు సందులోనైనా లారీని వెనక్కి పెట్టగల మనిషి, ఆగి ఉన్న లారీల మధ్య అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. "ఓనరుకి నానే సెప్తానులే" అన్నాడు. అత్త చెయ్యి వదలకుండానే, "సెప్పు. ముందు నీ కళ్లుండనీ, కూడు సంగతి నాను సూస్తాను" అంది. వాళ్ల వెనక నడుస్తూ నేను ఏడ్చేశాను, దాచుకోవడం ఎందుకు.

తిరుగు బస్సులో వేరే కండక్టరు. పొద్దుటాయన ఉంటే జవాబు చెప్పేదాన్ని. యంత్రం ఫొటో చూస్తుంది. ఆ కంటి వెనక ఉన్న భయాన్ని అడిగి తెలుసుకుని, ఈ మాట నాది అని పూచీ పడడానికి మనిషి కావాలి. అలాంటి డాక్టరమ్మ ఉన్నచోట ఆ కెమెరా అంటే నాకూ ఇష్టమే. మీరు ఇలాంటి క్యాంపుకి వెళ్తే, గడ్డం ఆనించే ముందే ఫొటో ఎవరికి వెళ్తుందో అడగండి. వెంట ఒక మనిషిని తీసుకెళ్లండి, మీ బదులు కూర్చోవడానికి కాదు, తిరిగొచ్చేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి.