సిరి చెప్పిన ముగింపు

నిన్న ఉదయం ఆఫీస్ బస్సులో ఉండగా సిరి రూమ్మేట్ ఫోన్ చేసింది.

"దీదీ, సిరి నహీ రహీ."

అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది, సిరి ఇక లేదని.

డెంగీ. నాలుగు రోజుల జ్వరం, అంతే. తనకి ఇరవై నాలుగేళ్ళు.

ఢిల్లీలో ముఖర్జీ నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. నేను ఘాజియాబాద్ నుంచి ఈ ఆదివారం వస్తా, వచ్చే ఆదివారం వస్తా అంటూనే ఉన్నాను.

ఇది తెలుగులోనే రాయాలనిపించింది. ఢిల్లీలో పెరిగిన తెలుగు నాది. తప్పులు అమ్మ దిద్దింది.

పదకొండో క్లాసులో వాళ్ళ నాన్నగారి ట్రాన్స్‌ఫర్ మీద సిరి కర్నూలు నుంచి మా స్కూల్‌కి వచ్చింది. హిందీ రాదు. క్వార్టర్స్‌లో మా పక్క బ్లాకే. సాయంత్రాలు మా ఇంట్లో ఇద్దరం తెలుగులో ఒకటే కబుర్లు.

స్కూల్లో మాత్రం తనతో హిందీలోనే మాట్లాడేదాన్ని, అదీ తప్పకపోతేనే. నన్ను కూడా "మద్రాసీ" అంటారని భయం. సిరి చివరి బెంచీలో ఒక్కతే కూర్చునేది.

ఆ ఏడాది ఇంగ్లిష్ మేడమ్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చింది. ఒక నవల, ఒక సినిమా తీసుకుని, ఎవరిలోనూ కలవలేని టీనేజ్ పిల్లలు రెండింటిలో ఎలా పెద్దవాళ్ళయ్యారో పోల్చాలి. ఏ భాషైనా సరే.

ఇళ్ళు పక్కపక్కనే కాబట్టి మేమిద్దరం జోడీ. హిందీ సినిమా నాది, తెలుగు నవల తనది.

నవలంటే కొన్న పుస్తకం కాదు. వాళ్ళమ్మ వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చింపి దాచి, బైండు చేయించుకున్నది.

సినిమాలో కొత్తగా వచ్చిన అమ్మాయిని కాలేజీ అంతా ఏడిపిస్తుంది. చివరి పది నిమిషాల్లో అందరూ లేచి చప్పట్లు కొడతారు. నవలలో ఊరు మారిన కుర్రాడిని ఎవరూ ఏడిపించరు. అసలు పలకరించరు.

"ఏడిపిచ్చేవాళ్ళే మేలు మే," అంది సిరి. "మనిషి ఉన్నట్టన్నా తెలుస్తాది."

దాన్ని నీట్‌గా ఇంగ్లిష్‌లో రాసుకున్నాను.

నవల ముగింపు కూడా తనే చెప్పింది. లంచ్ టైమ్‌లో ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి ఆ కుర్రాడి బెంచీలో కూర్చుంటుంది. అందరి ముందూ అతని భాషలో "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది.

మేడమ్‌కి ఎంత నచ్చిందో. నాచేత క్లాసులో చదివించింది. చదివేసి, వెళ్ళి నా ఫ్రెండ్స్ పక్కన కూర్చున్నాను.

కిందటేడు ఇద్దరం చాయ్ తాగుతుంటే సిరి నవ్వుతూ బయటపెట్టింది.

"ఆ బైండులో ఆఖరి వారం పేజీలు లేకపాయ మే. ముగింపు నేనే అల్లి చెప్పినా."

నేనూ నవ్వాను. "పెద్ద రైటర్‌వి అయిపోవాల్సింది" అన్నాను. తను కాసేపు నా మొహంలోకి చూసి, ఇంకో చాయ్ చెప్పింది.

ఎందుకలా చూసిందో నిన్న ఆసుపత్రి వరండాలో, కర్నూలు నుంచి వచ్చిన సిరి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది.

ఆ ముగింపులో సిరి నన్నే అడిగింది, వచ్చి తన బెంచీలో కూర్చోమని. రెండేళ్ళు నాలుగు బెంచీల వెనక కూర్చుని ఎదురుచూసింది. నేను ఆ మాటని ఇంగ్లిష్‌లో పెట్టి మార్కులు తెచ్చుకున్నాను.

అర్థమయ్యేసరికి తను లేదు. తట్టుకోలేకపోతున్నాను.

క్షమించవే సిరీ.

వెళ్ళిరా. అక్కడ నిన్ను ముందుగా పలకరించేవాళ్ళు ఉండాలి. నీ మనసు నెమ్మదిగా ఉండాలి.