వీపు వీపు ఆట

అది 1987. షోలాపూర్ దాజీ పేటలో ఒక బాల్‌వాడీలో నేను టీచర్ని. బాల్‌వాడీ అంటే బడికి ముందు బడి. ఆరేళ్లు నిండని పిల్లలు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ముక్కులు మాత్రం తుడుచుకోకుండా లోపలికి వచ్చే చోటు. మాది ఒకటే గది. గోడకు అటువైపు మరమగ్గాల షెడ్డు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచ అంటారు. ఆ సాంచల మోతకు మా గోడ మీది బల్లులు చెవుడుతోనే పుట్టేవి. ఇందులో నేను కల్పించిన సంగతి ఆ బల్లులదొక్కటే, మిగతాదంతా జరిగింది జరిగినట్టు చెబుతాను.

పిల్లలు నన్ను మరాఠీ బడుల పద్ధతిలో "బాయీ" అని పిలిచేవారు. మాకు ట్రెయినింగులో ప్లే-వే మెథడ్ నేర్పారు. అంటే పలకా బలపం కంటే ముందు ఆట. నేల మీద సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు రాసేదాన్ని. నేను ఏ అక్షరం పలికితే పిల్లలు దాని మీదికి గెంతాలి. ఒకసారి, రాత్రి 'ఋ' అక్షరం నా సంచీలోంచి దిగి కొంతం చౌక్ దాకా పారిపోయిందనీ, పోలీసు పట్టి తెచ్చి అప్పగించాడనీ చెప్పాను. మర్నాడు నేను 'ఋ' రాయగానే విఠల్ అనే పిల్లాడు పరుగెత్తుకొచ్చి దాని మీద చతికిలబడ్డాడు. అన్నం వేళకు కూడా లేవలేదు. "నేను లేస్తె అది మళ్ల పోతది బాయీ" అన్నాడు. ఆ అక్షరాన్ని వాడు జన్మలో మరచిపోడు.

ఇలా అందరూ గెంతుతూ, అరుస్తూ నేర్చుకుంటుంటే రేణుక ఒక్కతి నోరు విప్పేది కాదు. గెంతమంటే అందరికంటే ముందు గెంతేది, ఒక్క అడుగూ తప్పు పడేది కాదు. కార్డు చూపించి "ఇదేంది బిడ్డా?" అని అడిగితే మాత్రం శబ్దం రాదు. పెదాలు మెల్లగా కదిలేవి, అంతే. మా ఆయా లచ్చవ్వకు అనుమానం వచ్చింది.

"పోరి నోట్లె చింతగింజ పెట్టుకున్నది బాయీ. నములుతున్నది సూడు."

నోరు తెరిపించి, లచ్చవ్వ వేలు పెట్టి వెతికింది. గింజ దొరకలేదు. వేలి మీద పళ్ల గుర్తులు మాత్రం పడ్డాయి. తర్వాత చెవుడేమోనని, పక్క షెడ్డులో సాంచలు ఆగిన వేళ చూసి, నేను రేణుక వెనక నిలబడి గుసగుసగా "చిక్కీ" అన్నాను. గదిలో పిల్లలంతా వెనక్కి తిరిగారు. అందరికంటే ముందు తిరిగింది రేణుకే.

దీనికింత కంగారు ఎందుకంటే, జూన్ వస్తోంది. పేటలోని తెలుగు బడిలో ఒకటో తరగతిలో చేర్చాలి. అక్కడి హెడ్ గురూజీ చెడ్డవారు కాదు గానీ ఒక పట్టుదల ఉండేది. పిల్ల తన పేరు తానే చెప్పాలి, నాలుగు అక్షరాలు చదవాలి. లేకపోతే "వచ్చే ఏడు తీసుకురండి" అనేవారు. మా పేటలో ఆడపిల్లకు ఆ వచ్చే ఏడు వచ్చేది కాదు. అప్పటికి ఆమె బీడీల చాట ముందు కూర్చునేది. రేణుక నాయనమ్మ నర్సవ్వ కిందటి దసరాకు ఊరి నుంచి వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయింది. గుమ్మం బయట అరుగు మీద బీడీలు చుట్టేది. ఆమె అప్పుడే ఒక చిన్న కత్తెర కొని పెట్టింది.

"ఆటలాడ్తె అక్షరాలొస్తయా బాయీ? ఇది నోరు లేని పోరి. నా పక్కపొంటి కూసుంటె బీడీ ఆకన్న కత్తిరిస్తది."

"అవ్వా, దాని చెయ్యి ఎంతున్నదో సూడు. కత్తెరల వేళ్లే సరిగ పట్టయి."

"నేను గంతప్పుడే పట్టిన. గురూజీ తీసుకుంటె పంపుతం. లేకుంటె లేదు. నా కొడుకు గూడ గదే అన్నడు."

కొడుకు అంబాదాస్ అన్నది నిజమే. కానీ అతను మరో మాట కూడా అనేవాడు. "ఇంట్ల మస్తు మాట్లాడ్తది బాయీ. ఒక్క తీర్గ బడ్‌బడ్ చేస్తది. మీ దగ్గర్నే ఏమైతదో." తండ్రి ప్రేమ అలాగే ఉంటుందనుకొని నేనూ లచ్చవ్వా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం అతనితో గట్టిగా మాట్లాడదామని కుంఠా నాకా దగ్గర వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలోనే నాలుగు సాంచలు. వెనక వంట. "అంబాదాస్!" అని అరిచాను. నా కేక నాకే వినబడలేదు. మళ్లీ అరిచాను, దగ్గు వచ్చింది. అంబాదాస్ నన్ను చూశాడు. తర్వాత అవతలి మూల కండెలు చుడుతున్న భార్య వైపు చూసి పెదాలు కదిపాడు. ఆమె నవ్వి, తనూ పెదాలు కదిపింది. ఇంతలో రేణుక తల్లి కొంగు లాగి, ఆమె ముఖం తన వైపు తిప్పుకొని ఏదో అంది. పెదాలు చకచకా ఆడుతున్నాయి, మధ్యలో ఒకసారి తల కూడా ఊపింది. తల్లి లేచి డబ్బాలోంచి మురుకు తీసిచ్చింది. ఆ గదిలో ముగ్గురు హాయిగా మాట్లాడుకుంటున్నారు. వెర్రిదానిలా అరుస్తున్నది నేనొక్కదాన్నే.

అంబాదాస్ నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"ఏం ఝాలం బాయీ, ఏమైంది?"

"ముందుగాల ఇది చెప్పు. నీ పెండ్లాంతోని ఇప్పుడేమన్నవ్?"

అతను సిగ్గుపడ్డాడు. "బాయి ముఖం జూస్తె కొట్లాటకు వచ్చినట్టున్నది అన్న."

"అదేమన్నది?"

"చాయ్ పెడ్తె చల్లవడ్తది అన్నది."

"గొంతు లేకుంటనే?"

"సాంచల నడుమ గొంతెందుకు బాయీ? ఎంత ఒర్లినా ఇనవడదు. పెదాలు జూస్తె సాలదా?"

"రేణుక?"

"అదీ గంతే. దాని ఉయ్యాల గా దూలానికే కట్టినం. సాంచల నడుమనే మాట నేర్చింది."

చాయ్ తాగాను. నిజంగానే చల్లబడ్డానని తర్వాత లచ్చవ్వకు చెబితే నమ్మలేదు.

మర్నాడు రేణుకను ఎదురుగా కూర్చోబెట్టి కార్డు చూపించాను. ఈసారి చెవులు కట్టిపెట్టి ఆమె నోటివైపే చూశాను. 'ఆ' చూపిస్తే నోరు బారుగా తెరుచుకుంది. 'ఈ' చూపిస్తే పెదాలు సాగాయి. 'ఊ' చూపిస్తే గుండ్రంగా ముందుకొచ్చాయి. కార్డుల కట్ట అయిపోయేదాకా ఒక్కటీ తప్పలేదు. ఇన్నాళ్లూ అడిగిన ప్రతిదానికీ ఆమె జవాబు చెబుతూనే ఉంది. లచ్చవ్వ చింతగింజ అనుకున్నది అక్షరమాల.

సంతోషించాను గానీ పని సగమే అయింది. హెడ్ గురూజీ పెదాలు చదవరు. వీపుకు కూడా వినబడేలా చెబితేనే మాట అని ఈ పిల్లకు తెలియాలి. "గట్టిగా చెప్పు" అంటే నోరు ఇంకా పెద్దగా తెరిచేది. ఆమె లెక్కలో గట్టిగా చెప్పడం అంటే అదే.

అప్పుడు ఒక ఆట కట్టాను. ఇద్దరు పిల్లలు వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి. ఒకరికి నేను కార్డు చూపిస్తాను, వాళ్లు అక్షరం చెప్పాలి. రెండో పిల్ల తన ముందున్న కార్డుల్లోంచి అదే అక్షరం ఏరి పైకెత్తాలి. రేణుకకు జతగా విఠల్‌ను కూర్చోబెట్టాను. మొదటి రోజు ఆమె కార్డు చూసి, వెనక్కి తిరిగి, విఠల్ గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకొని పెదాలతో చెప్పింది. గడ్డం ముట్టుకుంటే అవుట్ అన్నాను. రెండో రోజు చెవి పట్టుకొని తిప్పింది. చెవి కూడా అవుట్ అన్నాను. మూడో రోజు జుట్టు పట్టుకుంది. జుట్టు కూడా అవుట్ అని నేను చెప్పేలోపే విఠల్ ఏడ్చాడు.

తర్వాత వాడే దారి చూపించాడు. ఏమీ వినబడక, చేతికందిన కార్డల్లా ఎత్తి "గెలిచిన! గెలిచిన!" అని ఎగరడం మొదలుపెట్టాడు. రేణుకకు 'ఈ' వచ్చింది. తల తిప్పి చూస్తే వాడు 'ఐ' ఎత్తాడు. ఆమె పెదాలు కదిపింది. వాడు 'ఔ' ఎత్తి గెలిచానన్నాడు. రేణుక ముఖం ఎర్రబడింది.

"ఈ! ఈ! అది కాదుర గాడిదా, ఈ!"

లచ్చవ్వ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్లకు రెండే గొంతులు. ఒకటి అసలు లేనిది, రెండోది నాలుగు సాంచలను దాటి వినిపించేది. నడిమి గొంతు ఆ ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు.

జూన్‌లో నర్సవ్వ, నేను ఆమెను బడికి తీసుకెళ్లాం. అంబాదాస్ సాంచలు వదిలి రాలేకపోయాడు. హెడ్ గురూజీ తల వంచుకొని ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగారు.

"నీ పేరేందమ్మా?"

రేణుక పెదాలు కదిలాయి. కొత్త చోటు, కొత్త మనిషి. గొంతు మళ్లీ ఇంటి గొంతైపోయింది. ఆయన రాస్తూనే "ఊఁ, పేరు?" అన్నారు. మళ్లీ పెదాలే. నర్సవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేన్ చెప్పలే బాయీ? నడువుండ్రి ఇంటికి."

ఆయన్ని తల ఎత్తమని అడగబోయాను. ఈలోపు రేణుక నాయనమ్మ చెయ్యి విడిపించుకొని, బల్ల చుట్టూ తిరిగి గురూజీ కుర్చీ వెనక్కి వెళ్లింది. కుర్చీ వీపుకు తన వీపు ఆనించి నిలబడింది. ఊపిరి పీల్చుకుంది.

"రేణుక! అ! ఆ! ఇ! ఈ!"

గురూజీ కలం కిందపడింది. పక్క తరగతిలో పాఠం ఆగి, గుమ్మంలో తలకాయలు వేలాడాయి. "చాలమ్మా, చాలు, తీసుకున్న" అని ఆయన అంటూనే ఉన్నారు. ముఖం చూపించనివాళ్ల మాట ఆమె లెక్కచేయలేదు. 'అః' దాకా వెళ్లి ఆగింది. నర్సవ్వ రెండు చెవుల మీద నుంచి చేతులు తీసి, "అవ్వో, ఇది మా పిల్లేనా" అంది. ఆ చిన్న కత్తెర తర్వాత దారాలు తెంపడానికి కోడలికిచ్చేసింది.

అక్కడి నుంచి నేరుగా అంబాదాస్ ఇంటికి వెళ్లాం. సాంచలు మోగుతున్నాయి. ఈసారి నేను అరవలేదు. అతను చూసేదాకా ఆగి, గొంతు లేకుండా, పెదాలతోనే చెప్పాను: "రేణుకను తీసుకున్నరు."

అతనికి అర్థమైంది. పెదాలతో ఏదో అడిగాడు, నాకు అందలేదు. అప్పుడతను ఒక సాంచ ఆపాడు. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. పనివేళలో సాంచ ఆగితే, నూలిచ్చి కూలికి నేయించే శేట్ ఊరుకోడు. ఆ ఇంట్లో పట్టపగలు అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. సాంచలు ఆగే సెలవు రోజున కూడా అతను పొద్దంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవాడట, కూతురి గొంతు వినే వేళే దొరకలేదు.

"ఏం చెప్పినవ్ బిడ్డా గురూజీకి? నాకు గూడ చెప్పు."

రేణుక చెప్పింది, పూర్తి గొంతుతో. తల్లి కండె పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అంబాదాస్ చెవి ముందుకు పెట్టి, కళ్లు మూసుకొని విన్నాడు.

"నీ గొంతు గిట్లుంటదా?" అన్నాడు. "మళ్ల చెప్పు."

ఆ ఏడు నుంచి కొత్త పిల్ల ఎవరు చేరినా, కార్డుల పెట్టె తెరవకముందే వాళ్ల ఇంటికి వెళ్లి కాసేపు కూర్చునేదాన్ని. ఆ ఇంట్లో ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో, ఏమైనా కావాలంటే పిల్ల ఎలా అడుగుతుందో చూసేదాన్ని. ఆట ఆ తర్వాతే. మనం పిల్లకు మన అక్షరాలు నేర్పాలంటే, ముందు ఆ పిల్ల ఇంటి మాట మనకు రావాలి. రేణుక నాకు నేర్పిన పాఠం ఇదే. అదీ నోరు మెదిపి, గొంతు మెదపకుండా.