బీరు పోసి వండిన కుందేలు

బీరు పోసి మాంసం వండడమేమిటి, ఖర్మ కాకపోతే! అలాగే అన్నాను మా ఆయనతో. ఆయన నవ్వలేదు. డెబ్బైల్లో జీడిమెట్లలో కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీకి ఆయన మేనేజరు. యజమాని విలాయతులో చదువుకొచ్చినవాడు. అక్కడ వేటాడిన జంతువుల మాంసాన్ని బీరులో ఉడికించి, పైన మైదా రొట్టె కప్పి కాలుస్తారట. గేమ్ పై అంటారట. ఇక్కడికొచ్చాక మళ్లీ తినలేదని అన్నాడట, అంతే. "మా ఇంట్లో చేయిస్తాను సార్" అని మా ఆయన మాటిచ్చేశాడు. చేయాల్సింది ఎవరు? నేను. కాకినాడ వైపు పుట్టి, చేపా రొయ్యా తప్ప ఎరగనిదాన్ని.

అప్పుడు మేము నానక్‌రామ్‌గూడ శివార్లో, బండల మధ్య ఒక పాత తోట బంగళాలో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటిపనికి ఆ ఊరావిడే వచ్చేది. వాళ్లాయన ఆ రాళ్లలో వలలు కట్టి, తన కుక్కతో తరిమించి కుందేళ్లు పట్టేవాడు. రెండేళ్లుగా వానల్లేక వాళ్ల చెలక బీడు పడింది. "వేటమాంసం తెచ్చిపెట్టు, యజమానికి చెప్పి ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం ఇప్పిస్తాను" అన్నాడు మా ఆయన అతనితో. ఆ మాట మీదే ఆ ఇల్లంతా ఆశ పెట్టుకుంది. "గా నౌకరీ దొరికితే ఇగ మాకు ఫికర్ లేదమ్మా" అని ఆవిడ అంట్లు తోముతూ రోజుకు నాలుగుసార్లు అనేది.

ఆదివారం పొద్దున్నే అతను రెండు కుందేళ్లు, ఐదు కౌజుపిట్టలు తెచ్చాడు. కడిగి కోసింది ఆవిడే. నేను బీరు సీసా మూత తీస్తే నురగ పొంగి నా చీరంతా తడిసింది. ఆవిడ వేలు ముంచి నాకి, మొహం వికారంగా పెట్టి, "గిదేందమ్మా, గీ చేదు నీళ్లు పోస్తే కూర ఖరాబ్ గాదా?" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. మా ఆయన వంట పద్ధతి రాయించి తెచ్చిన కాగితంలో అరగంట ఉడికించమని ఉంది. ముదురు కుందేలు అరగంటలో ఉడుకుతుందా, రాసినవాడి మొహం! ఆవిడ ఒక ముక్క నలిపి చూసి, ఇంకా ఉడకాలని రెండు గంటలు కట్టెల మంట మీదే ఉంచింది. చేదు విరిగి, రసం చిక్కబడింది.

మాంసాన్ని వెడల్పాటి గిన్నెలో సర్దాక, నేను మైదా రొట్టె పరచబోతుంటే ఆవిడ ఆపింది.

"అమ్మా, ఏట కొట్టినోని వాటా తీస్త. జరంత కుక్కకు. తియ్యకుంటే మల్ల ఏట పడదు."

ఆ ఊళ్లో వేటకు వెళ్లిన ప్రతి మనిషికీ, కుక్కకు కూడా, వాటా ఉంటుంది. అది తీశాకే ఎవరైనా తింటారు. వాళ్లలో వాళ్లకైతే అడగడమంటూ ఉండదు. నా ఇల్లు కాబట్టి అడిగింది.

"తీసుకో, దానికేముంది" అన్నాను.

ఒక కాలు, నాలుగు ముక్కలు మోదుగాకుల్లో కట్టి గూట్లో పెట్టింది. తర్వాత నేను రొట్టె కప్పితే, పైన ఇత్తడి పళ్లెం మూసి నిప్పులు పోసింది. మాకు ఓవెన్ ఎక్కడిది!

మధ్యాహ్నం యజమాని వచ్చి కూర్చున్నాడు. వడ్డన ఆలస్యమవుతోందని మా ఆయన వంటింట్లోకి వచ్చాడు. గూట్లో పొట్లం చూసి విప్పాడు.

"వండుతూనే దొంగతనమా?" అని అరిచాడు. పక్కగదిలో యజమాని కుర్చీ కదిలిన చప్పుడైంది.

ఆవిడ కంగుతింది. "దొంగతనమేంది సారూ? అమ్మనడుగుండ్రి. అమ్మనే తీస్కొమ్మన్నది."

మా ఆయన నా వైపు తిరిగాడు. "నువ్విచ్చావా?"

అవునండీ అంటే అయిపోయేది. కానీ అంత పెద్దమనిషి కోసం చేసిన వంటలోంచి ముందే పనిమనిషికీ కుక్కకీ తీయించానని, ఆ మనిషి వింటుండగా ఒప్పుకోవాలి. మా ఆయన కళ్లు చూస్తే భయమేసింది.

"నాకు తెలియదండీ" అన్నాను. థూ, నా బతుకు!

ఆవిడ గిన్నె ముందు కూర్చుని, కాలిన రొట్టె అంచును కత్తితో లేపి, పొట్లంలో ముక్కలన్నీ ఒక్కొక్కటే లోపల పెట్టి, రొట్టెను మళ్లీ సర్దింది. "మీది మీకే ఉండనీ అమ్మా" అని చేతులు కడుక్కుని బయటికి వెళ్లిపోయింది. యజమానికి దండం పెట్టుకోవాలని వాళ్లాయన ఉతికిన చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. అతను కుక్కను పిలిచాడు. ముగ్గురూ బండల దారిన వెళ్లిపోయారు, మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ ఉద్యోగం మా ఆయన ఇంకెవరికో ఇప్పించాడు.

యజమాని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. విలాయతులో కూడా ఇంత బాగా కుదరదన్నాడు. చేయి తుడుచుకుంటూ, "ఎవరమ్మా వండింది?" అని అడిగాడు.

"నేనేనండీ" అన్నాను.